లేవగలిగే ఆట

కన్నారావు తాతయ్య కూర్చునే నిద్రపోతున్నాడు. గడ్డం గుండెకి ఆనింది, రెండు చేతులూ ఒళ్ళో పడి ఉన్నాయి. ఆయన ముందు కూడా రెండు ముక్కలు పడ్డాయి. ఆయన వంతు రాగానే పక్కనున్న బలరాం చెయ్యి చాచి, ఆ రెండింటినీ తిప్పయినా చూడకుండా మధ్యలోకి తోసేశాడు.

"తాత పడీసాడు," అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. పొద్దుటినుంచీ తాత అలాగే పడేస్తున్నాడు మరి.

టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని నిలబడ్డ రాధారాణి మాత్రం చూస్తూ ఉండిపోయింది. చాప మీద ఒక జాగా ఖాళీగా ఉంది. చంద్రరావుకి జ్వరమని రాలేదు. ఆమెకి ఆట తెలుసు. ఇన్నాళ్ళూ భుజాల మీదుగా చూసిందే. చేతికి రెండు ముక్కలు, మధ్యలో అందరికీ కలిపి ఐదు, ఈ ఏడింటిలో మంచి ఐదు ఎవరివైతే పందెం గింజలు వాళ్ళవి. అదేమన్నా బ్రహ్మవిద్యా?

"అన్నయ్యా, ఒకరు తక్కువున్నారు కదా. నేను కూకోనా?" అంది.

జగదీశ్వరరావు తల ఎత్తలేదు. "టీ సల్లారిపోతంది, పద," అన్నాడు.

ఆమె గ్లాసులు అందించింది. నిద్రపోతున్న తాతయ్య ముందు కూడా ఒకటి పెట్టింది. మెలకువగా ఉన్న తనకు లేని చోటు, గుర్రు పెడుతున్న మనిషికి ఉంది. కోపం కన్నా ముందు ఆమెకి ఆశ్చర్యమే వేసింది.

ఆ ఇల్లు ఆమె పెద్దమ్మ మంగాయమ్మది. మంగాయమ్మ పోయి ఇంకా పెద్దకర్మ కాలేదు. బర్మాలో, మింగళ తౌంగ్‌న్యున్‌లోని ఆ వీధిలో చావు జరిగితే దహనం మనవాళ్ళ పద్ధతిలోనూ, ఆ తరవాతి రోజులు బర్మావాళ్ళ పద్ధతిలోనూ నడుస్తాయి. ఇల్లు ఒంటరిగా ఉండకూడదని మగవాళ్ళు వచ్చి చాప వేసుకుని పేకాడతారు. చింతగింజలతో ఆట. సాయంత్రం గింజలకి చిల్లర చేతులు మారుతుంది, అందులో కాస్త టీ ఖర్చుకని ఇంటికి వదిలేస్తారు. వెనకటికి రమ్మీ ఆడేవాళ్ళు. రాధారాణి అక్క కొడుకు బలరాం ఫోన్లో నేర్చుకుని పోకరు తెచ్చి తగిలించాడు, ఇప్పుడు ముసలాళ్ళకి కూడా అదే పిచ్చి.

ఆట కొత్తదైనా మంగాయమ్మ కొడుకు జగదీశ్వరరావు నియమం పాతదే. గెలిచినవాడు లేవకూడదు. ఓడినవాడు ఎలాగూ లేవడు, ఎప్పటికైనా రాబట్టుకుంటానన్న ఆశ వాణ్ణి చాపకి అతికించేస్తుంది. ఇక లేచేదెవరు? ఇల్లు జగదీశ్వరరావుది, ఆయనకి ఎక్కడికీ వెళ్ళే పని లేదు. రేవులో తూకం గుమస్తా, పెద్దకర్మ దాకా సెలవు పెట్టాడు. పొద్దున్న గెలిచినవాళ్ళంతా మధ్యాహ్నానికి అలిసిపోయి, ఎలాంటి ముక్కలకైనా గింజలు పెట్టేసి, సాయంత్రానికి కుప్పంతా ఆయన ముందు పోసి వెళ్ళేవాళ్ళు. ఆయన తెలివిగా ఆడేదేం లేదు. అందరికన్నా ఎక్కువసేపు కూర్చునేవాడు, అంతే. రాధారాణికి ఇది అన్యాయంగా తోచింది. అంతకన్నా ఎక్కువగా, ఇది ఎవరికీ ఎందుకు తోచడం లేదో తెలుసుకోవాలనిపించింది.

వంటింట్లోకి వెళ్తూ మూల ఉన్న కుట్టుమిషను మీది దుప్పటి సరిచేసింది. మంగాయమ్మ కాలి మిషను అది. కింద ఇనప కాళ్ళు, అరిగి నున్నబడ్డ తొక్కుడు పలక. "నా తరవాత ఇది నీదేనే," అని పెద్దమ్మ ఎన్నిసార్లో అంది. రాధారాణి దగ్గరున్నది కరెంటు మిషను. ఈ ఊళ్ళో కరెంటు నాలుగు గంటలుంటే నాలుగు గంటలుండదు, ఒక్కోరోజు ఆ మాత్రం కూడా లేదు. జాకెట్లు కుట్టి బతికే మనిషికి కాలితో తిరిగే మిషనంటే బతుకుతెరువు.

మొన్న అడిగింది కూడా. "అమ్మ అన్నట్టు ఎవరు ఇన్నారు? వొచ్చీ వారం ఏటవతల ట్వంటే నుంచి ఒకడొచ్చి కొనుక్కుంటానన్నాడు," అన్నాడు జగదీశ్వరరావు. అంతటితో ఆ మాట అయిపోయింది.

అక్క కూతురు లక్ష్మీదుర్గ ఫోన్లు బాగుచేసే కొట్లో పనిచేస్తుంది. సాయంత్రం పిన్ని ఇంటికి వచ్చేసరికి రాధారాణి హుక్కులు కుడుతూ ఉంది.

"దుర్గా, మీ అన్న ఆడీ ఆట నా పోన్లో ఎక్కించు."

"ఓలమ్మ! నీకేటొచ్చింది పిన్నీ?" అంది దుర్గ నవ్వుతూ. కానీ అప్పటికే చెయ్యి ఫోను మీదకి పోయింది. ముందు వీపీఎన్ అనే దొడ్డిదారి ఆప్ ఒకటి పెట్టింది, అది లేకపోతే ఇక్కడ ప్రభుత్వం మూసేసిన సగం సైట్లు తెరుచుకోవు. తరవాత ఆట ఎక్కించింది. "డబ్బులొద్దు. ఉత్తుత్తి గింజల్తో ఆడు. పోతే మల్లీ ఇస్తారు. ఇంద, ఏది ఆడతావు?"

తెర మీద వరసగా గళ్ళు. రాధారాణి కళ్ళజోడు పెట్టుకుంది.

"ఒకే ఆటకి ఇన్నేటే?"

"ఆట ఒకటే పిన్నీ, కూకోడం వేరు." దుర్గ ఒక్కోదాని మీదా వేలు పెట్టి చెప్పింది. "ఇది మామూలు బల్ల. ఎప్పుడైనా వొచ్చి కూకోవొచ్చు, ఎప్పుడైనా లెగొచ్చు, లెగిసినప్పుడు నీ గింజలు నీవే. ఇది టోర్నమెంటు. అందరూ ఒకేసారి మొదలెట్టి, ఒక్కరు మిగిలీదాకా ఆడాలి. గింజలైపోతే బైటికి. ఇది సిట్ అండ్ గో, ఆరుగురు నిండితే మొదలవుద్ది."

"రేవుకాడ లైన్ కారులాగ, మనుషులు నిండితేగానీ కదల్దు."

"అదే. ఇది ముగ్గురి ఆట, చిటికెలో అయిపోద్ది. ఇదేమో ముక్కలు పడీసిన ఎంటనే ఇంకో బల్లకి తోసేత్తాది, ఖాళీగా కూకోడం ఉండదు."

"మొదలెట్టినోళ్ళకి ఏది మంచిదే?"

"సిట్ అండ్ గో అంటారు అందరూ. ఎంత పోద్దో ముందే తెల్సు, ఎప్పుడైపోద్దో కూడా తెల్సు. మా కొట్లో కుర్రోళ్ళందరూ అలాగే నేర్చుకున్నారు."

అడిగేవాడికి చెప్పేవాడు లోకువ. రాధారాణి అన్నీ విని, తల ఊపి, చెప్పిందానికి విరుద్ధంగా టోర్నమెంటు నొక్కింది. ఎక్కువమంది ఉన్నచోట ఎక్కువ చూడొచ్చు కదా అని ఆమె లెక్క.

మొదటి రోజు ఆమె గెలవడానికి ఆడలేదు. మనుషుల్ని చూడ్డానికి ఆడింది. ముఖాలు లేవు, పేర్లే. అయినా ఒకడు ప్రతిసారీ ఠక్కున గింజలు వేస్తాడు, ఒకడు గడియారం మోగే దాకా నానుస్తాడు. కొలతలు తీసుకునేటప్పుడు ఊపిరి బిగబట్టేవాళ్ళూ, ఒళ్ళు వదిలేసేవాళ్ళూ ఉన్నట్టే ఇక్కడా ఉన్నారు. ఆమెకి సరదా పుట్టింది. అన్నం పొయ్యి మీద మాడింది.

మర్నాడు మధ్యాహ్నం ఇంకో టోర్నమెంటులో తొమ్మిదిమంది మిగిలారు. రాధారాణి వాళ్ళలో ఒకతె. చేతిలో ఆసు, రాజు. గింజలన్నీ తోయబోయింది. అప్పుడే ఫాను ఆగింది. వీధంతా ఒక్క మూలుగు. కరెంటుతో పాటు సెల్లు టవరు కూడా పడుకుంది, తెర మధ్యలో చిన్న చక్రం తిరుగుతూ ఉండిపోయింది.

చాలాసేపటికి "మీ లాబీ!" అని పిల్లల కేకలు వినిపించాయి. కరెంటొస్తే ఆ ఊళ్ళో అలాగే అరుస్తారు. ఆమె ఆత్రంగా ఆట తెరిచింది. నీ స్థానం ఏడు అని ఉంది.

తొమ్మిదిమందిలో ఉండగా తను పోయింది, ఏడోది ఎలా అయింది? దుర్గకి ఫోను చేసింది.

"నువ్వు లేకపోయినా నీ జాగా ఉంటాది పిన్నీ. నీకూ ముక్కలేత్తారు, నీ వంతు రాగానే మిషనే పడీసుద్ది. ఆడినా ఆడకపోయినా వంతు గింజలెయ్యాలి కదా, అవి కొంచెం కొంచెం తరిగిపోతాయి. ఈలోగా నీ కంటె ముందు ఇద్దరు పోయుంటారు."

"అంటే నేను లేకుండానే ఇద్దర్ని ఓడించీసాను."

"అలాగే అనుకో."

రాధారాణి పకపకా నవ్వింది. తరవాత కన్నారావు తాతయ్య జ్ఞాపకం వచ్చి నవ్వు ఆగింది. ఆయన ముందు గింజలు కూడా రోజూ ఇలాగే తరుగుతున్నాయి. ఆయన జాగా అక్కడే ఉంది, ఆయనే లేడు.

మిగతా గళ్ళన్నీ ఒకటొకటే చూసింది. ముగ్గురి ఆట బాణసంచాలా అయిపోయింది, ఒక్కరి పద్ధతి కూడా అర్థం కాలేదు. ముక్కలు పడేయగానే ఇంకో బల్లకి తోసేసే ఆటలో వేగం తప్ప ఏమీ లేదు. ఎదురుగా ఉన్నవాళ్ళని కాసేపు చూడకపోతే ఆమెకి ఆటే కాదు. లైన్ కారు ఆట బాగానే ఉంది గానీ, సగంలో ఎవరో జాకెట్టు కోసం తలుపు కొడితే లేవడానికి లేదు.

చివరికి మామూలు బల్ల దగ్గర స్థిరపడింది. కూర్చుంటుంది, ఆరుగుర్నీ చూస్తుంది, మంచి ముక్కలకే గింజలు పెడుతుంది, కరెంటు పోయే వేళకి ముందే లేస్తుంది. మొదటిసారి గెలుస్తూ ఉండగా లేచినప్పుడు ఆమెకి ఎవరి జేబులోనో చెయ్యి పెట్టినట్టు సిగ్గేసింది. ఎవరూ ఏమీ అనలేదు. ఆ కుర్చీలో వెంటనే ఇంకెవరో వచ్చి కూర్చున్నారు. గెలిచి లేవడం తప్పు కాదా? ఆ ప్రశ్న ఆమెని రెండు రోజులు వదల్లేదు.

పదోరోజు మధ్యాహ్నం కూడా చంద్రరావు రాలేదు. బలరాంకి విసుగెత్తింది. "మావయ్యా, తాతతో, పక్కింటాయనతో కలిపి నలుగురం. ఇదేం ఆట? పిన్నిని కూకోనీ. పోన్లో ఆడతందంట, దుర్గ సెప్పింది," అన్నాడు.

జగదీశ్వరరావు చెల్లెలి వైపు చూశాడు. గడ్డం మాసి, కళ్ళు గుంటలు పడి ఉన్నాయి. "ఏటి, నువ్వు ఆడతావా?"

"ఆడతాను. మిషను కోసం ఆడతాను."

చాప మీద ఒక్కసారి అందరూ నవ్వారు. జగదీశ్వరరావు కూడా నవ్వాడు. "సరే. నా కుప్ప కంటె నీ కుప్ప పెద్దదైతే మిషను నీది. గెల్చుకో," అన్నాడు.

ఎప్పటికి పెద్దదవ్వాలో ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం. గ్లాసుల పళ్ళెం ఆ పూట కొట్టు మానేసి సాయానికి వచ్చిన దుర్గ చేతికిచ్చి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, రాధారాణి చంద్రరావు జాగాలో కూర్చుంది.

చాలాసేపు ఆమె ముక్కలు పడేస్తూనే ఉంది. "తాతకి తోడు దొరికింది," అని బలరాం వేళాకోళం చేశాడు. ఆమె జగదీశ్వరరావు చేతినే చూస్తోంది. ఇన్ని రోజులు టీ అందించినందుకు ఒకటి మాత్రం తెలుసు. ముక్కలు బాగుంటే ఆయన గ్లాసు చప్పుడు కాకుండా దించుతాడు. బాగులేకపోతే ఠక్కుమని పెట్టి, పెద్దగా దగ్గుతాడు. ఠక్కుమన్నప్పుడల్లా ఆమె గింజలు పెంచింది. ఆయన పడేశాడు. అలా కాస్త కాస్త చొప్పున ఆమె ముందు కుప్ప పెరిగింది.

తరవాత ఆమె చేతికి రెండు తొమ్మిదులు వచ్చాయి. మధ్యలో తొమ్మిది, రాజు, నాలుగు పడ్డాయి. జగదీశ్వరరావు గ్లాసు నెమ్మదిగా, పిల్లిపిల్లని దించినట్టు దించాడు. చేతిలో రాజుందన్నమాట. బలరాం, పక్కింటాయన ముక్కలు పడేశారు. ఆమె గింజలన్నీ ముందుకి తోసింది.

"అన్నీయేనా?" అన్నాడు ఆయన.

"అన్నీ."

ఆయన కూడా సరిసమానంగా తోశాడు. ఇంకో రెండు ముక్కలు పడ్డాయి, రెండు, ఏడు. ఆయన చేతిలోని ఒక్క రాజు పరిచాడు, మధ్యలోదానితో జత. ఆమె రెండు తొమ్మిదులు పరిచింది, మధ్యలోదానితో మూడు. బలరాం నోరు తెరిచి మూయడం మరిచిపోయాడు. అతనే గింజలు ఆమె వైపు జరిపాడు. కుప్ప ఇప్పుడు ఎవరు చూసినా ఆమెదే పెద్దది.

జగదీశ్వరరావు ముక్కలు పోగు చేయడం మొదలుపెట్టాడు. "కానియ్, కానియ్. పొద్దింకా బోలెడుంది. గెలిచినోళ్ళు లెగకూడదు."

మనసుకి ఎప్పుడో తెలిసిన మాట కాళ్ళకి అప్పుడు తెలిసింది. రాధారాణి లేచి నిలబడింది. చావింట్లో లేచేవాళ్ళు వెళ్ళొస్తానని చెప్పరు. లేచినవాళ్ళని ఎక్కడికని అడగరు, ఉండమనరు. చావు మళ్ళీ వెంటబడి వస్తుందని భయం. మైల తీరేదాకా ఆ ఇంటి వస్తువు చిన్నదైనా బయటికి తీసుకుపోరు. ఆమె గింజలు చాప మీదే వదిలేసింది. ఎవరితోనూ ఏమీ అనలేదు. చెప్పులు తొడుక్కుంది.

జగదీశ్వరరావు నోటి దాకా వచ్చిన మాట అక్కడే ఆగింది. ఆయన చెయ్యి గాల్లో లేచి, మళ్ళీ ముక్కల మీద పడింది. నియమం ఆయనది, ఆచారం అందరిదీ.

మెట్లు దిగుతూ గెలిచాననుకుంది. వీధి చివరికి వచ్చేసరికి సందేహం మొదలైంది. టోర్నమెంటులో లేని మనిషి గింజలు తరిగిపోతాయి, మామూలు బల్ల మీద లేచినవాళ్ళవి వాళ్ళకే. ఇంతకీ అన్నయ్య చాప ఏ బల్ల?

దుర్గ చీకటి పడేవేళకి వచ్చింది. అంట్లు తోమి వచ్చినట్టుంది, చేతులు తడిగానే ఉన్నాయి. గుమ్మంలోనే మొదలుపెట్టింది.

"నువ్వు లెగిసిపోయాక ఏటైందో తెల్సా పిన్నీ? నీ జాగాకి ముక్కలెయ్యమన్నాడు మావయ్య. నీ వంతొస్తే తనే పడీసాడు. నీ కుప్పలోంచి వంతు గింజలు తీసీసాడు."

"అయితే ఓడిపోనానన్నమాట."

"ఉండు. నిన్ను చూసి మా అన్న లెగిసాడు. ఇంతసేపూ లెగొచ్చని తెలీదన్నట్టు! ఆడెనక పక్కింటాయన. ఎవర్నీ ఆపడానికి లేదు కదా. కన్నారావు తాతొక్కడే నిద్దరోతూ ఉన్నాడు." దుర్గ గొంతు తగ్గించింది. "మావయ్య లెగలేదు. అందరి జాగాలకీ తనే పంచాడు. నీకు, అన్నకి, పక్కింటాయనకి, తాతకి. ఒక్కోళ్ళవీ తనే పడీసాడు. దీపం పెట్టీదాకా అలాగే. తాత లెగిసి, ఆట ఇంకా అవలేదేటిరా అంటే, అవలేదు కూకో అన్నాడు."

రాధారాణి చేతిలోని సూది ఆగింది. ఆ అన్నయ్యని ఇన్ని రోజులు ఆశపోతు అనుకుంది. ఎక్కువసేపు కూర్చుని అందరి గింజలూ ఊడ్చుకుంటాడని తిట్టుకుంది. ఆయనకి కావలసినవి గింజలు కావు. మంగాయమ్మ లేని ఆ ఇంట్లోంచి మనుషులు లేచిపోకుండా ఉండాలి, నిద్రపోతున్నవాళ్ళయినా సరే. ఆమెకి ఏడుపొచ్చింది. మిషను పోయిందన్న దిగులు కూడా అందులో కలిసే ఉంది, అబద్ధమెందుకు.

పెద్దకర్మ అయింది. ఇల్లు కడిగారు. ఆ మర్నాడు మధ్యాహ్నం మెట్ల మీద ఎవరో ఆయాసపడుతూ ఎక్కుతున్న చప్పుడైంది. తలుపు తీస్తే జగదీశ్వరరావు. తల గొరిగించుకున్నాడు, కొత్త లుంగీ. చేతుల్లో దుప్పటి చుట్టిన మిషను తల. వెనక మూడు చక్రాల సైకా రిక్షా బండివాడు ఇనప కాళ్ళు మోసుకొస్తున్నాడు.

దించాక బండివాడు వెళ్ళిపోయాడు. జగదీశ్వరరావు చెమట తుడుచుకున్నాడు.

"నీ గింజలన్నీ వంతుల్లో అయిపోనాయి," అన్నాడు. "లెక్కకి నువ్వు ఓడిపోయినట్టే."

"మరిదెందుకు తెచ్చినావు అన్నయ్యా?"

ఆయన మిషను చక్రం మీద చెయ్యి వేసి కొంచెం తిప్పాడు. "అమ్మ నీకిత్తానంది. నేను ఇన్నాను."

రాధారాణి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆయన గ్లాసు చప్పుడు కాకుండా కింద పెట్టాడు. వెళ్తాడనుకుంది, వెళ్ళలేదు. ముక్కాలి పీట మీద కూర్చున్నాడు.

"ఆ పోన్లో ఎప్పుడు తెరిసినా మనుషులుంటారా?"

"ఉంటారు."

"నాలాటి కొత్తోడు ఏది ఆడాలి?"

ఆమె ఫోను తెరిచి గళ్ళు చూపించింది. దుర్గ చెప్పినవే, తన మాటల్లో చెప్పింది. ఎప్పుడైనా లేవగలిగేది, ఒక్కరు మిగిలేదాకా లేవకూడనిది, ఆరుగురు నిండితేగాని కదలనిది. ఆయన శ్రద్ధగా విన్నాడు, మధ్యలో ఆపి మళ్ళీ అడిగాడు.

"లెగిసిపోయినోడి జాగా ఏటవుద్ది?"

"ఇంకెవరో ఒకరొచ్చి కూకుంటారు."

"ఎంటనేనా?"

"ఎంటనే."

ఆయన లైన్ కారు ఆట మీద వేలు పెట్టాడు. తెర మీద ఆరు కుర్చీలు వచ్చాయి. ఒకదాంట్లో ఆయన. కాసేపటికి రెండోది నిండింది, తరవాత మూడోది. ఆట మొదలుకాలేదు. అయినా ఆయన ముఖం ఈ పది రోజుల్లో లేనంత కుతూహలంగా ఉంది. ఒక్కో కుర్చీ నిండినప్పుడల్లా తల ఊపుతున్నాడు, వాకిట్లోకి వచ్చినవాళ్ళని రమ్మన్నట్టు.

ఐదో మనిషి వచ్చాక కరెంటు పోయింది. వీధి మూలిగింది. చక్రం తిరగడం మొదలైంది.

"నా జాగా పోద్దా?"

"ఇంకా మొదలవలేదు కదా. ఏటీ పోదు. మల్లీ కూకోవొచ్చు."

రాధారాణి మిషను తల కాళ్ళ మీద అమర్చి, పట్టా తగిలించి, ఒక చింపిరి గుడ్డ పెట్టి తొక్కింది. రెండు మూడుసార్లు గురగురమని, తరవాత కుట్టు తిన్నగా పడింది. ఆయన ఆ చప్పుడు వింటూ కాసేపు కూర్చున్నాడు. లేచి ఫోను ఆమె పక్కన పెట్టాడు. గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుని వెనక్కి తిరిగాడు.

"ఎల్లొత్తానే," అన్నాడు.

ఆ మాట విని ఎన్నాళ్ళైంది. రాధారాణి తొక్కడం ఆపింది.

"రా అన్నయ్యా. కరెంటొచ్చీసరికి రా," అంది.